పితామహుల జాబితాలో లేని పేర్లు

కిందటి నెల మా మేనకోడలు బడిలో ఇచ్చిన ప్రాజెక్టు పని పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. విషయం ‘వీడియో గేమ్‌ల పితామహులు’. అట్టమీద అప్పటికే బొమ్మలు అతికించింది. టీవీకి తగిలించి ఇంట్లో ఆడుకునే మొదటి యంత్రం, 1972లో అమ్మకానికి వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ వెనక ఉన్న రాల్ఫ్ బేర్. అదే ఏడాది అటారీ కంపెనీ పెట్టినవారిలో ఒకడైన నోలన్ బుష్నెల్. జిగురు ఆరుతుండగా తలెత్తి అడిగింది: ‘‘అత్తా, అందరూ పితామహులేనా? తల్లులెవరూ లేరా?’’

నవ్వి ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కవిత్వానికైనా, విజ్ఞానానికైనా, పరిశ్రమకైనా మనం పితామహుల్నే వెతుకుతాం. ఆ అర్థంలో స్త్రీకి వాడే మాట మన వాడుకలో లేదు. మాట లేకపోయేసరికి మనిషే లేదనుకుంటాం.

హింస కేసులతో, కూలి రేట్ల గొడవలతో తలమునకలుగా ఉన్న మనకు ఈ ఆటల సంగతెందుకని మీరు అడగవచ్చు. ఇవాళ మన పిల్లల చేతుల్లో పుస్తకాలకంటే ఎక్కువసేపు ఉంటున్నవి ఈ ఆటలే. అదొక్కటే కాదు. ఒక రంగం పుట్టినప్పుడు అక్కడ ఉన్న స్త్రీలు, ఆ రంగం చరిత్ర రాసేనాటికి ఎలా మాయమవుతారో చూడటానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. అంతా సుమారు అరవై ఏళ్ల కథే.

1964లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మేబెల్ ఆడిస్ అనే బడిపంతులమ్మ ‘ద సుమేరియన్ గేమ్’ అనే ఆటను రాసింది. ఐ.బి.ఎం. కంపెనీ, స్థానిక విద్యాసంస్థ కలిసి చేపట్టిన ప్రయోగం అది. పిల్లవాడు లగాష్ అనే ప్రాచీన నగరానికి పాలకుడవుతాడు. పండిన ధాన్యంలో తిండికెంత, విత్తనాలకెంత, నిలవకెంత అన్నది తేల్చుకోవాలి. లెక్క తప్పితే జనం ఆకలితో చస్తారు. ప్రోగ్రాం రాసింది విలియం మెక్‌కే, ఆటను ఊహించి కథ అల్లింది ఆడిస్. 1968లో డగ్ డైమెంట్ అనే అతను ఈ ఆట గురించి విని దాన్ని కుదించి మరో ఆట తయారుచేశాడు. ఆ పొట్టి ఆటే తర్వాత ‘హమురాబి’ పేరుతో కంప్యూటర్ పుస్తకాల్లోకి ఎక్కి దేశదేశాలు తిరిగింది. ఆట తిరిగింది కానీ పంతులమ్మ పేరు దానివెంట తిరగలేదు. ఆమె 2004లో చనిపోయింది. గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ వారి పయనీర్ అవార్డు ఆమెకు వచ్చింది 2023లో.

కెరోల్ షా సంగతి వేరు. బర్క్‌లీలో ఇంజనీరింగు చదివి 1978లో అటారీలో చేరింది. ఒకసారి కంపెనీ అధ్యక్షుడు రే కాసర్ వచ్చి, ‘ఇక మనకు అలంకరణ సామగ్రి రంగులు జతచేసే ఆటలు, ఇల్లు సర్దే ఆటలు వస్తాయి’ అన్న అర్థంలో మాట్లాడాడని ఆమె తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పింది. ఆమె మాత్రం తనకు నచ్చిన పనే చేసింది. 1982లో ఆక్టివిజన్‌కు మారి ‘రివర్ రైడ్’ చేసింది. ఆ యంత్రానికి పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఆట మొత్తం నాలుగు కిలోబైట్లలో ఇమడాలి. పొడవాటి నది బొమ్మను దాచడానికి చోటు లేదు. అందుకని ఆమె ఒక లెక్క కట్టి, ఆట సాగుతున్నకొద్దీ నది గట్లు తమంతట తామే ఏర్పడేలా చేసింది. ఆట పెట్టె మీద ఆమె పేరు అచ్చయింది. అదేమీ యాజమాన్యం దయ కాదు. ఆటలు తయారుచేసేవారి పేర్లు అటారీ బయటపెట్టకపోవడం మీద, వాటా ఇవ్వకపోవడం మీద తిరగబడి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు 1979లో పెట్టుకున్న కంపెనీ ఆక్టివిజన్. పేరు కూడా కొట్లాడి తెచ్చుకున్న హక్కే.

అదే అటారీలో, నాణెం వేసి ఆడే యంత్రాల విభాగంలో ఒకే ఒక్క మహిళా ప్రోగ్రామర్‌గా డోనా బెయిలీ 1980లో చేరింది. ఎడ్ లాగ్‌తో కలిసి 1981లో ‘సెంటిపీడ్’ తెచ్చింది. ఆడవాళ్లు కూడా పెద్దసంఖ్యలో ఆడిన తొలినాటి ఆటల్లో అదొకటి. అంత పేరొచ్చిన ఆట చేసిన మనిషి 1982లో అటారీ వదిలేసింది, కొద్దికాలానికే ఆ పరిశ్రమే వదిలేసింది. తలుపు తెరిచి లోపలికి రానిచ్చినంత మాత్రాన లోపల నిలబడటానికి చోటిచ్చినట్టు కాదని మనకు వేరే చెప్పాలా?

స్త్రీ చేసిన ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోమని నా ఉద్దేశం కాదు. ‘రివర్ రైడ్’ విమానంతో కాల్చుకుంటూ పోయే యుద్ధపు ఆట. 1984లో పశ్చిమ జర్మనీ దాన్ని పిల్లలకు హానికరమైన వాటి జాబితాలో పెట్టింది. అయితే పనిముట్టు చేతికొచ్చినప్పుడు కొందరు వేరే కథ కూడా చెప్పారు. మార్టినీక్ దీవిలో పుట్టిన మ్యురియెల్ ట్రామిస్ 1988లో ఫ్రాన్సులో ‘ఫ్రీడమ్’ అనే ఆట చేసింది. అందులో ఆడేవాళ్లు చెరుకుతోటలో బానిసలు. తోటి బానిసలను కూడగట్టి యజమాని మీద తిరుగుబాటు చేయాలి. తన పూర్వీకుల చరిత్రనే ఆమె ఆటగా మలిచింది.

ఇక బొమ్మ అతికించడానికి కూడా వీలులేనివాళ్లు మరికొందరున్నారు. 1965లో ఫెయిర్‌చైల్డ్ అనే కంపెనీ, అమెరికా ఆదివాసులైన నవహోల ప్రాంతంలో, షిప్‌రాక్ అనే చోట ఎలక్ట్రానిక్ చిప్‌ల కర్మాగారం పెట్టింది. పనివాళ్లలో అత్యధికులు నవహో స్త్రీలు. వాళ్లు నేసే తివాచీల డిజైన్లనూ చిప్‌లనూ పక్కపక్కన పెట్టి కంపెనీ ఒక ప్రచార పుస్తకం వేసింది. నేత వాళ్ల రక్తంలోనే ఉంది కాబట్టి ఈ పనికి వాళ్లే తగినవాళ్లన్నట్టు. 1975లో కార్మికుల తొలగింపు మీద ఆందోళన జరిగాక కర్మాగారం మూతపడింది. మరుసటి ఏడాదే ఆ కంపెనీ ఇంట్లో ఆడుకునే వీడియో గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. దాని చరిత్రలో ఇంజనీర్ల పేర్లున్నాయి. చిప్‌లు అతికిన ఆ పరిశ్రమలోని చేతులకు పేర్లు లేవు.

‘సన్నని వేళ్లు, ఓపిక ఎక్కువ’ అన్న మాట మనకేమీ కొత్తది కాదు. బీడీలు చుట్టే ఇళ్లలో విన్నాం, చేనేత ఇళ్లలో విన్నాం. కండెలు చుట్టి, ఆసు పోసి, చేతులు పడిపోయేదాకా పనిచేసేది ఆడవాళ్లు. చీర మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడిది. నైపుణ్యాన్ని స్వభావం అన్నారంటే కూలి తగ్గించినట్టే లెక్క.

ఇదంతా మేనకోడలికి చెప్పి, నేను సంతృప్తిగా నా పనిలో పడ్డాను. నా పనంటే మా సంస్థ పదేళ్ల నివేదిక రాయడం. స్థాపకుల పేర్లు రాశాను. శిక్షణలిచ్చినవారి పేర్లు, నిధులిచ్చినవారి పేర్లు, ఉపన్యాసాలిచ్చినవారి పేర్లు రాశాను. రాసినది మా ఆఫీసులో ఎనిమిదేళ్లుగా కేసుల రిజిస్టరు రాస్తున్న ఆమె చేతికిచ్చి తప్పులుంటే చూడమన్నాను. ఆమె చదివి మెల్లగా అంది: ‘‘అక్కా, ఫోటోల్లో నేను లేను, సరే. ఆ ఫోటోలు తీసింది నేనే కదా.’’

నాకు తల కొట్టేసినట్టయింది. కోర్టులో వాయిదా ఎప్పుడో, ఏ అమ్మాయిని ఏ ఊరికి చేర్చామో, ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఆమె పేరు నా నివేదికలో ఎక్కడా లేదు. అడ్డుపడింది పురుషుడు కాదు, కంపెనీ కాదు. నా చేతిలోని కలమే.

తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలతో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చింది. అది వచ్చి దాదాపు నలభై ఏళ్లు. ఆ పుస్తకాన్ని మనమంతా మెచ్చుకున్నాం, సభల్లో ప్రస్తావించాం. మన సొంత ఆఫీసుల్లో మాత్రం మనకు తెలియని చరిత్రను రోజూ తయారుచేస్తూనే ఉన్నాం.

అందుకని ఈ సంచిక నుంచి చివరి పేజీలో టైపు చేసినవారి, ప్రూఫులు దిద్దినవారి, కట్టలు కట్టి పోస్టు చేసినవారి పేర్లు కూడా వేస్తున్నాం. మీ మినిట్స్ పుస్తకాలు, వార్షిక నివేదికలు ఒకసారి తీసి చూడండి. ‘కార్యకర్తలు’, ‘సిబ్బంది’, ‘గ్రామ మహిళలు’ అని ఉన్నచోట ఎవరున్నారో, వాళ్లను అడిగి రాయండి. వాళ్లింకా మన మధ్య ఉండగానే రాయండి. రాసినవి మాకూ పంపండి.

మేనకోడలు తన అట్ట మీద ‘పితామహులు’ అన్న మాట కొట్టేసింది. ‘వీడియో గేములు తయారుచేసినవాళ్లు’ అని రాసుకుంది. కొట్టివేత ఉన్నందుకు టీచరు ఒక మార్కు తగ్గించిందట. పోతే పోనిమ్మన్నాను.

- సంపాదకురాలు