ముందు గుర్తింపు, తరువాత తొలగింపు

2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, అంతవరకు కృష్ణా జిల్లాకు చెందియున్న ముదినేపల్లి మండలము, పొరుగున నున్న కైకలూరు, మండవల్లి, కలిదిండి మండలములతోపాటు ఏలూరు జిల్లాలో చేరినది. ఊళ్ళు కదలలేదు, చెరువులు కదలలేదు. కదలవలసినది కాగితముల మీదను, కంప్యూటర్లలోను ఉన్న పేర్లు మాత్రమే. ఇట్టి మార్పు జరిగినప్పుడెల్ల ఒక జాబితా నుండి కొన్ని పేర్లు తొలగి, మరియొక జాబితాలో చేరవలెను. చూచుటకు అత్యల్పముగా తోచు ఈ తొలగింపు పని, యంత్రముచేత చేయించునప్పుడు ఎంతటి మెలకువను కోరునో సామాన్య పాఠకులకు సైతము తెలియవలసియున్నది. ఏలయన, మన బియ్యము, మన పింఛను, మన ఓటు నేడు ఏదో ఒక జాబితాలోని ఒక వరుసను ఆశ్రయించియే నిలిచియున్నవి.

జాబితాను మొదటినుండి చివరివరకు చూచుచు, చూచుచున్నప్పుడే అందులోని అంశములను తీసివేయుట ప్రోగ్రామింగు నేర్చుకొను విద్యార్థులు పెక్కురు తొలినాళ్ళలో చేయు పొరపాటు. దాని నడకను దగ్గరగా చూతము. మన ప్రాంతపు చేపల ప్యాకింగు షెడ్డులో ఒకనాటి సరకును పైథాన్ భాషలో శీలావతి, బొచ్చె, బొచ్చె, కొర్రమేను అని వరుసగా వ్రాసితిమనుకొందము. వీనిలో బొచ్చెలను తీసివేయుమని లూపునకు, అనగా అంశములను ఒక్కొక్కటిగా చూచుచుపోవు ఆజ్ఞకు, చెప్పితిమి. స్థానముల లెక్క సున్నతో మొదలగును. సున్నవ స్థానమున శీలావతి. దానిని విడిచి యంత్రము ఒకటవ స్థానమునకు పోయినది. అచట బొచ్చె కనబడగా తీసివేసినది. తీసివేసిన మరుక్షణమున వెనుకనున్నవన్నియు ఒక్కొక్క అడుగు ముందునకు జరుగును గనుక, రెండవ బొచ్చె ఒకటవ స్థానమునకు వచ్చినది. కాని యంత్రము అప్పటికే ఒకటిని ముగించి రెండవ స్థానమునకు సాగిపోయినది. అచట నున్నది కొర్రమేను. పని ముగిసినది, ఒక బొచ్చె జాబితాలోనే మిగిలిపోయినది. తప్పు జరిగినదను హెచ్చరిక గాని, ఆగిపోవుట గాని లేదు. తాను నడుచుచున్న చెరువుగట్టును నడుచుచునే తవ్వుకొనువాని పని వంటిది ఇది.

ఇంతకంటె చింతింపదగినది మరియొకటి కలదు. అదే జాబితా శీలావతి, బొచ్చె, కొర్రమేను, బొచ్చె అని ఉండినచో, అదే ప్రోగ్రాము రెండు బొచ్చెలను తీసివేసి సరియైన ఫలితమునే ఇచ్చును. మొదటి బొచ్చె తొలగగానే ముందునకు జరిగిన కొర్రమేనును అది అసలు చూడనేలేదు. ఐనను కొర్రమేను తొలగింపదగినది కాదు గనుక నష్టము బయటపడలేదు. తీసివేయవలసినవి పక్కపక్కన చేరిన దినముననే ఈ దోషము తల యెత్తును. పదిసార్లు పరీక్షించి పదిసార్లు సరిగా వచ్చినదను ధైర్యము ఈ విషయమున ఎంత మాత్రము ప్రమాణము కానేరదు. చూడకయే విడిచిన అంశము అదృష్టవశమున సరియైనదగుటకును, చూచి నిర్ణయించుటకును గల అంతరమును గ్రహింపనివాడు ప్రోగ్రాము వ్రాయగలడేమో గాని, దానికి పూచీ పడజాలడు.

ప్రోగ్రామింగు భాషలను నిర్మించినవారు ఈ ప్రమాదమును ఎరుగనివారు కారు. జావా అను భాషలో ఇట్లు నడుమ జాబితా మారినచో దానిని పసిగట్టి, కన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ అను దోషమును ప్రకటించి పనిని ఆపివేయు ఏర్పాటు కలదు. కాని ఆ కాపలా అన్నివేళల పనిచేయునని నమ్మరాదని ఆ భాషను వివరించు పత్రములే చెప్పుచున్నవి. నాలుగు అంశములు గల అర్రేలిస్టు అను జావా జాబితాలో చివరిదానికి ముందున్నదానిని లూపు నడుమ తీసివేసినచో, జాబితా పొడవు మూడగును. యంత్రమునకు తాను మూడు చూచితిననియు, ఇక చూడవలసినది లేదనియు తోచును. కడపటి అంశము చూడబడకయే మిగిలిపోవును. దోషప్రకటన యేమియు రాదు. కావున దోషము ప్రకటింపబడలేదు గనుక పని సరిగా జరిగినదని సంతసించుట ఇచటను చెల్లదు.

నివారణోపాయములు కష్టమైనవి కావు. పైథాన్‌లో జాబితాకు ఒక నకలు తీసి, నకలును చూచుచు మూలమునుండి తీసివేయవచ్చును. అంతకంటె మేలైనది, ఉంచవలసినవానిని మాత్రమే ఏరి కొత్త జాబితాను కూర్చుట. స్థానముల లెక్కతోనే పనిచేయవలసివచ్చినచో చివరినుండి మొదటికి రావచ్చును. అప్పుడు జరుగునవి చూచి ముగించిన అంశములే గనుక బాధ లేదు. జావాలో నడకను సాగించు ఇటరేటరుచేతనే రిమూవ్ చేయించినచో లెక్క తప్పదు. 2014లో వచ్చిన జావా 8లోని రిమూవ్‌ఇఫ్ ఈ పనినంతయు ఒక్క మాటలో తీర్చును. సీ ప్లస్ ప్లస్ భాషలో ఎరేజ్ అను తొలగింపు ఆజ్ఞ తిరిగి ఇచ్చు స్థానమునుండియే నడకను సాగింపవలెను. కాలవ్యయమును గూర్చి విచారించినను కొత్త జాబితాను కూర్చుటయే లాభము. లక్ష అంశములు గల జాబితాలో ఒకటి విడిచి ఒకటి చొప్పున అక్కడికక్కడే తీసివేయుచు పోయినచో, వెనుకనున్నవానిని ముందునకు జరుపుటకే దాదాపు 250 కోట్ల కదలికలు వలయును. ఉంచవలసినవానిని ఏరుటకు లక్ష అడుగులు చాలును.

ఈ ఉపాయములన్నిటికిని మూలమైన నియమము ఒక్కటే: ఏది తొలగవలెనో నిర్ణయించుట వేరు, తొలగించుట వేరు, మొదటిది సంపూర్ణముగా ముగిసిన పిమ్మటనే రెండవదానికి పూనుకొనవలెను. ఈ నియమము కంప్యూటరునకు మాత్రమే చెందినది కాదనియు, ప్రజల పేర్లతో వ్యవహరించు ప్రతి కార్యాలయమునకు శిరోధార్యమనియు నా దృఢమైన అభిప్రాయము.

మన ప్రజాస్వామ్యము దీనిని ఎన్నడో గుర్తించినది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 22వ సెక్షను ప్రకారము, నివాసము మారినదనియో అర్హత లేదనియో ఒకని పేరును ఓటర్ల జాబితానుండి తీసివేయుటకు ముందు, ఆతడు తన మాట చెప్పుకొనుటకు తగిన అవకాశము నియ్యవలెను. గుర్తింపునకును తొలగింపునకును నడుమ మనుష్యునికి చోటుంచిన శాసనమిది. ఆ చోటు చెరిగిపోయినప్పుడు ఏమగునో పొరుగున తెలంగాణములో చూచితిమి. 2016లో అచట సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దు కాగా, కంప్యూటరు గుర్తింపునే ఆధారము చేసికొని, ఇంటింటి విచారణ లేకయే తొలగించిరన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు వరకు పోయినది; ఆ కార్డులను మరల క్షేత్రస్థాయిలో పరిశీలింపవలసినదని 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము ఆదేశించినది. అది లూపులోని పొరపాటు కాదు. ఐనను నిర్ణయమును, తొలగింపును ఒక్కటిగా కలిపివేయుటలోని ప్రమాదము రెండుచోట్లను ఒక్కటే. బొచ్చె మిగిలినచో మరునాడు చూచుకొనవచ్చును. కార్డు పోయిన కూలిమనిషి ఆ నెల బియ్యము కొరకు మరునాటివరకు ఆగలేడు.

ఇంత చిన్న సంగతికి పత్రికలో చర్చ యేల, నేడు ప్రోగ్రాములను కృత్రిమ మేధయే వ్రాయుచున్నది గదా యని కొందరు అనవచ్చును. వ్రాయునది యంత్రమైనప్పుడు చదివి సరిచూచు మనుష్యుని బాధ్యత హెచ్చునే గాని తగ్గదు. పరీక్షలో దాగి, తొలగింపదగినవి పక్కపక్కన చేరిన దినముననే బయటపడు ఈ జాతి దోషమును కనిపెట్టుటకు, లోపల ఏమి జరుగుచున్నదో ఎరిగిన బుద్ధి కావలెను. తాడేపల్లిగూడెములో 2015లో వెలసిన ఎన్.ఐ.టి. మొదలుకొని ఏలూరు, భీమవరము, గుడ్లవల్లేరు ఇంజనీరింగు కళాశాలల వరకు ఈ చుట్టుపట్ల చదువుచున్న పిల్లలలో పెక్కురు రేపు ఇట్టి జాబితాలను నడుపువారే. వారికి ఈ పాఠమును మార్కుల కొరకు ఒక ప్రశ్నగా గాక, పని ధర్మముగా బోధింపవలెను. నాలుగు చేపల పేర్లు నల్లబల్ల మీద వ్రాసి, ఒక్కొక్క స్థానము చెరిపి చూపినచో అరగంటలో తీరు పని యిది.

ప్రభుత్వమునకును ఒక విన్నపము. ప్రజల పేర్లను తొలగించు ఏ ప్రోగ్రామునైనను స్వీకరించునప్పుడు మూడు షరతులు పెట్టవలెను. తొలగింపదగిన పేర్లను అది మొదట వేరొక జాబితాలో చూపవలెను. ఆ జాబితాను గ్రామ సచివాలయములో అందరికిని కనబడునట్లు ఉంచి, ఆక్షేపణలకు గడువు ఇయ్యవలెను. గడువు ముగిసి, విచారణ జరిగిన పిమ్మట మాత్రమే తొలగించి, తొలగించిన ప్రతి పేరును కారణముతో సహా భద్రపరుపవలెను, తప్పని తేలినచో మరల చేర్చుటకు వీలుగా. ఇందుకు కొత్త విజ్ఞానము గాని, విశేషధనము గాని అక్కరలేదు. ఈ మూడు షరతులకును ఒప్పుకొనని ప్రోగ్రామును ఏ అధికారియు పౌరుల జాబితామీద నడుపరాదు.