దోతి మీద అంగి: లోపలా? బయటా?

మన హాస్టలు వరండాల్లో ఏడాదికొకసారి తప్పకుండా రేగే వాదాలు మూడు. మొదటిది మెస్సు బిల్లు. రెండవది క్రికెట్ జట్టు ఎంపిక. మూడవది, సంప్రదాయ దుస్తుల రోజున దోతి కట్టినవాడు అంగిని లోపలికి దోపి ఇన్‌షర్టు చేయాలా, బయటికి వదలాలా అన్నది. మొదటి రెండూ తేల్చడం బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. మూడవదాన్ని గూర్చి మాత్రం, కొత్తకోటలో దోతి కట్టే పెద్దల మధ్య పెరిగినవాడిగా నాలుగు మాటలు రాయదలచుకున్నాను.

ఇంత చిన్న విషయానికి సావనీరులో పేజీలా అని లెక్చరర్లు నవ్వుకోవచ్చు. 1952లో మన వనపర్తి నుంచి శాసనసభకు వెళ్ళిన సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధాలను పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని వెతికి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కట్టుబట్టల సంగతి చిన్నదేమీ కాదని చెప్పడానికి ఆయన పేరొక్కటి చాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దోతి మీద అంగి బయటే ఉండాలె. పెద్దలు అట్లా చేశారు కాబట్టి అని నేననడం లేదు. దోతి నిలిచే తీరే అటువంటిది.

ప్యాంటుకు గుండీ ఉంది, జిప్పు ఉంది, పైన బెల్టు ఉంది. అంగి లోపలికి పోయినా వాటికేమీ నష్టం లేదు. దోతికి ఇవేవీ లేవు. ఎనిమిది మూరల బట్ట, అంటే నాలుగు గజాలు, నడుము దగ్గరి ఒక్క ముడి మీద, బొడ్లో దోపిన కుచ్చిళ్ళ మీద, వెనక దోపిన గోచి మీద నిలబడుతుంది. కూర్చుంటే వదులవుతుంది, కడుపునిండా తింటే బిగుసుకుంటుంది, బస్సెక్కితే జారుతుంది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా దాన్ని సవరించుకుంటూ ఉండాల్సిందే. ఆ కుచ్చిళ్ళ మధ్య అంగి అంచును కూడా కూరితే ఏమవుతుంది? బస్సులో పైనున్న కడ్డీ పట్టుకోవడానికి చేయెత్తగానే అంగి పైకి లేస్తుంది. లేస్తూ కుచ్చిళ్ళను కూడా వెంటబెట్టుకుని పోతుంది. ఆ తరువాతి ఘట్టం ఈ సావనీరులో రాయదగింది కాదు.

అదీగాక రొంటి అనేదొకటుంది. మా తాతకు జేబు మీద నమ్మకం లేదు. బస్సు చార్జీ, దవాఖానా చీటీ, చుట్ట అన్నీ రొంటినే. అంగి బయటుంటే చేయి నేరుగా రొంటికి పోతుంది, పైనుంచి అంగి కప్పేస్తుంది కాబట్టి దొంగ కంటికి కనపడదు. అంగి లోపలికి దోపితే ఆయన బ్యాంకు బజార్లో తెరిచిపెట్టినట్టే.

మా ఎదుటి గది మిత్రుడొకడు ఇంగ్లీషు సాహిత్య విద్యార్థి. వాడు ఒకరోజు స్కాట్లాండును సాక్ష్యానికి పిలిచాడు. "స్కాట్లాండోళ్ళు కూడా మనలెక్కనే కింద గుడ్డ చుట్టుకుంటరు గద? కిల్టు మీద చొక్కా మంచిగ లోపలికి దోపుతరు. వాళ్ళకు లేని ఇబ్బంది నీకేందిరా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కిల్టు మీద చొక్కా లోపలికి దోపడమే వాళ్ళ మర్యాద, నిజం. అయితే కిల్టు ఎట్లా నిలబడుతుందో చూడాలె గదా. ఎనిమిది గజాల దాకా ఉన్ని గుడ్డను వెనకవైపు మడతలు పెట్టి కుట్టేస్తారు. ముందు ఒకదాని మీద ఒకటి మడిచి, తోలు పట్టీలు పెట్టి, బకిల్సుతో బొడ్డు ఎత్తున బిగిస్తారు. జేబు లేదు కనుక స్పోరన్ అనే సంచిని నడుము చుట్టూ గొలుసుతో కట్టి ముందు వేలాడదీస్తారు. అక్కడ చొక్కా ఎంత దోపినా జారేదేమీ లేదు. పైగా బయటికి వదిలితే బకిల్సు, గొలుసు, సంచి అన్నిటి మీదా ముసుగు పడుతుంది. అంటే వాళ్ళ నియమం వాళ్ళ బట్టకు తగినట్టు పుట్టింది. వాళ్ళు కూడా రగ్బీ ఆట చూడబోయే రోజున పై జెర్సీ బయటికే వదిలేస్తారట!

ఆ కిల్టు కథలో మనం గమనించవలసింది ఇంకొకటుంది. 1745 తిరుగుబాటు తరువాత, 1746 చట్టంతో లండన్ ప్రభుత్వం ఎగువ స్కాట్లాండు మగవాళ్ళకు ఆ దుస్తులను నిషేధించింది. 1782లో గానీ ఆ నిషేధం పోలేదు. సరిగ్గా నలభై ఏళ్ళకు, 1822లో, నాలుగవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చి తనే కిల్టు తొడిగాడు. కొండవాడి గుడ్డ దర్బారు గుడ్డ అయింది. మధ్యలో గుడ్డ మారలేదు. దాన్ని చూసే కన్ను మారింది.

మన దగ్గర కన్ను ఇంకా మారలేదన్నదే నా బాధ. పాత గ్రూపు ఫోటోల్లో ప్లీడర్లు దోతి మీద చొక్కా లోపలికి దోపుకున్నారు కదా అని ఇన్‌షర్టు పక్షంవాళ్ళు చూపిస్తారు. వాళ్ళ ఒంటి మీద కోటుంది, చూడండి. నడుమును కోటు కప్పింది. కోటు కిందినుంచి అంగి అంచు వేలాడితే బాగుండదని దోపారు. కోటు పోయింది, దోపడం మాత్రం మిగిలింది. మిగిలి, చదువుకు గుర్తయి కూర్చుంది. ఇంటర్వ్యూకు ఇన్‌షర్టు, వైవాకు ఇన్‌షర్టు, చివరికి పెళ్ళిచూపులకు కూడా ఇన్‌షర్టు! ప్యాంటు వేసినప్పుడు నాకు అభ్యంతరం లేదు, నేనూ చేస్తాను. కానీ ఈ కొలతతోనే దోతి కట్టిన మనిషిని కూడా కొలుస్తున్నాం.

మూడేళ్ళ కింద ఒక పట్నం ఆఫీసులో నా సర్టిఫికెట్టు కోసం తాతా, నేనూ వరుసలో నిలబడ్డాం. తాత తెల్ల దోతి, బయటికి వదిలిన అంగి, భుజం మీద తువ్వాల. మా వెనక ప్యాంటులో ఇన్‌షర్టు చేసుకున్న ఆయన. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే రకం దరఖాస్తు. కిటికీ లోపలి మనిషి వెనకాయనతో "సార్, మీరు లోపలికొచ్చి కూర్చోండి" అన్నాడు. తాతతో "ఓ ముసలాయనా, జర పక్కకు జరుగు" అన్నాడు. తాత జరిగాడు. ఆయనకు అది అలవాటే. అలవాటు కావడమే నాకు మింగుడు పడలేదు.

ఇది మన పాలమూరు మనిషికి మాత్రమే జరిగేది కాదు. 2014 జులైలో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బులో పుస్తకావిష్కరణకు వేష్టి కట్టుకుని వెళ్ళిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్ గారినే గుమ్మం దగ్గర ఆపారు. తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడే చట్టం తెచ్చి, వేష్టి కట్టినందుకు ఎవరినైనా ఆపితే ఏడాది దాకా జైలు, 25 వేల జుర్మానా అంది. న్యాయమూర్తిని ఆపితే చట్టం వచ్చింది. మా తాతను జరిపితే వరుస ముందుకు కదిలింది, అంతే.

చదువుకూ ఇన్‌షర్టుకూ లంకె ఉందనేవాళ్ళకు పి.వి. నరసింహారావుగారిని గుర్తుచేస్తాను. అన్ని భాషలు వచ్చిన మనిషి దోతి మీద లాల్చీ వదిలేసుకునే 1991 నుంచి అయిదేళ్ళు దేశాన్ని నడిపారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు 2003 ఏప్రిల్‌లో చేవెళ్ళ నుంచి పాదయాత్ర చేసింది పంచె మీద వదిలిన తెల్ల చొక్కాతోనే. రాజకీయాల్లో వారితో ఏకీభవించనివాళ్ళు కూడా ఆ కట్టును వెక్కిరించలేదు.

మన నేల సంగతి మరీ వింత. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల సంస్థానం తరఫున జోడు పంచెలు పోతాయి. నేతగాళ్ళు 41 రోజులు నిష్ఠతో నేస్తారు. స్వామికి పంచె పంపే గడ్డ మీద పుట్టిన పిలగాడు సంప్రదాయ దుస్తుల రోజున ఎక్కడో మరమగ్గం మీద నేసిన, అతుకుపట్టీ కుట్టిన రెడీమేడ్ పంచె తొడుక్కొస్తాడు! సరే, దానికి మాత్రం నేనొక సడలింపు ఇస్తాను. అతుకుపట్టీ ఉంది, కుచ్చిళ్ళు కుట్టేసి ఉన్నాయి, జేబు కూడా ఉంది. అది మన దోతి కన్నా స్కాట్లాండు కిల్టుకే దగ్గరి చుట్టం. దాని మీద కావలిస్తే ఇన్‌షర్టు చేసుకోండి.

ఎదుటిపక్షం మాటలో సగం నిజం లేకపోలేదు. ఇప్పటి షర్టును దోతి మీద బయటికి వదిలితే నిజంగానే వికారంగా ఉంటుంది. ఎందుకంటే ఆ షర్టు దోపడానికే కుట్టింది. అంచు గుండ్రంగా, ముందూ వెనకా తోకల్లాగా దిగి, పక్కల పైకి లేచి ఉంటుంది. తప్పు దోతిది కాదు. అంగి వేరుగా కుట్టించుకోవాలె. మేరాయనకు మూడు మాటలు చెప్తే చాలు: అంచు తిన్నగా ఉండాలె, పక్కల జానెడు చీలిక ఉండాలె, పొడవు రొంటికి జానెడు కిందికి రావాలె. మా తాత అంగీలన్నీ ఈ లెక్కవే.

ఇక విద్యార్థి సంఘం మిత్రులకొక విన్నపం. వచ్చే ఏడు సంప్రదాయ దుస్తుల రోజు నోటీసులో 'నీటుగా ఇన్‌షర్టు చేసుకుని రావలెను' అన్న పంక్తిని తీసేయండి. గోచి కట్టడం రాక రెడీమేడ్ కొంటున్నామనే తమ్ముళ్ళు ఆ ముందు ఆదివారం నా గదికి రండి. తాతను పిలిపిస్తాను. దోతి మీరే తెచ్చుకోవాలె.