స్పృహ లేనివారికి నిమ్మరసం పట్టరాదు

మత్తు దిగుటకు నిమ్మరసమో, మజ్జిగో పట్టించడం మన ఇళ్లలో వాడుక. గృహవైద్యాన్ని అభిమానించే నేనే చెబుతున్నాను: స్పృహ లేనివారి నోట ఏదీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి దిగి ప్రాణం తీయగలదు.

కల్తీకల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. నల్లమందు జాతి మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ వీటికి పనిచేయదు. అలవాటుపడినవారికి హఠాత్తుగా మానిపించినా మూర్ఛలు రావచ్చు. 2015లో తెలంగాణలో కల్తీకల్లును అరికట్టినప్పుడు ఎందరో అటువంటి బాధలతో ఆసుపత్రుల పాలయ్యారు. కనుక మాన్పించడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

వరంగల్, హన్మకొండ, కాజీపేట వీధులలో యువకులు, మహిళా సంఘాలవారు స్వచ్ఛందంగా తిరిగి ఈ మాత్రం నేర్పాలని నా అభిప్రాయం: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, శ్వాస గమనించండి, 108కు ఫోను చేయండి. తాగుబోతని ఈసడించి దాటిపోవద్దు. అతడూ ఒక ఇంటి దీపమే.