కప్పబొమ్మ శౌర్యం

"పట్టాం, ఫొటో తీశాం, మళ్ళీ నీళ్ళలోకే వదిలాం. ఇందులో హింస ఎక్కడుంది?" గాలాన్ని క్రీడగా ఎంచుకున్న మిత్రుల వాదన ఇది. అన్ని వేళలా ఇది తప్పని నేననను. వానాకాలంలో, మోకాలిలోతు కుంటలో, కొర్రమీను విషయంలో మాత్రం ఇది శుద్ధ ఆత్మవంచన.

అమెరికావారికి బాస్ చేప ఎలాగో మనకు కొర్రమీను అలాగ. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. నాచు మాటున పొంచి ఉండి, కప్ప కదిలితే చాలు, ఎగిరి అందుకుంటుంది. రబ్బరు కప్పబొమ్మకు అది లొంగేది అందుకే. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ తొలకరితో మొదలవుతుంది. ఒడ్డువార గడ్డిలో పుట్టిన నారింజరంగు పిల్లలు గుంపుగా తిరుగుతూ, గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి వస్తాయి. నీటిమీద ఆ కలకలం కనబడిందంటే, కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయన్నమాట. మన వీరుడు సరిగ్గా ఆ గుంపు నడుమకే కప్పబొమ్మను విసురుతాడు. చేప అప్పుడు నోరు తెరిచేది ఆకలితో కాదు, బిడ్డల మీదికొచ్చిన శత్రువును తరమడానికి. దీనికి నైపుణ్యమని పేరు!

సరే, వదిలేశారు. పెద్దచేప మీ చేతిలో ఫొటోకు వేలాడుతున్నంతసేపూ పిల్లలను కాచిందెవరు? చిన్న కుంటలో తినే నోళ్ళన్నీ దగ్గరే ఉంటాయి. గూడు కాచే మగ బాస్‌ను పట్టి వదిలితే ఏమవుతుందో ఉత్తర అమెరికాలో పరిశీలించి 1997లో ప్రకటించారు: కొన్ని గూళ్ళలో పిల్లలు ఇతర చేపల పాలయ్యాయి, కొన్ని మగచేపలు గూటినే విడిచిపోయాయి.

"జాలరులు పట్టడం లేదా?" అంటారు. పడతారు, అది వారి కూడు. ఒకరి కూటిని మన సరదాకు సాకుగా చూపడం మర్యాద కాదు. "ప్రభుత్వం పిల్లలను వదులుతోందిగా" అనేవారూ ఉన్నారు. 2016లో మొదలైన ఆ పథకంలో ప్రధానంగా వదిలింది బొచ్చె, శీలావతి, బంగారుతీగ. కుంటలో కొర్రమీను పిల్లకు దాని తల్లిదండ్రులే దిక్కు.

నేనుండేది రెజిమెంటల్ బజారులో. దొరల పటాలాలు వెళ్ళిపోయినా పేరు మిగిలిన చోటు. ఆ దొరలలోనే ఒకడైన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మన దేశపు గాలపు వేట మీద పుస్తకం రాశాడు. చేపపిల్లల నాశనం ఆపాలని వాదించినవాడూ ఆయనే. దొరల సరదాను అందిపుచ్చుకున్న మనం ఆ విచక్షణను మాత్రం గట్టునే వదిలేశామా?

నేను కోరేది గాలం విరిచేయమని కాదు. పిల్లల గుంపు కనబడితే దారం చుట్టేసుకొని మరోవైపు నడవండి. పిల్లలు చెదిరి ఎవరి దారి వారు చూసుకున్నాక రండి. అప్పుడు కూడా ఆ చేపను రప్పించగలిగితే, దాన్ని నైపుణ్యమని నేనూ ఒప్పుకుంటాను.