ఆశయము - ఆచరణ

1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్ పట్టణమున కార్ల్ స్టాట్జ్ బాలుర కొరకు ‘లిటిల్ లీగ్’ అను బేస్‌బాల్ సంస్థను నెలకొల్పెను. శీలము, ధైర్యము, విధేయత అను మూడు మాటలు ఆ సంస్థ చిహ్నముపై నిలిచినవి. ఆశయములు ఉదాత్తములే. కాని ఆశయమునకు పరీక్ష ఆచరణలోనే గదా!

1955లో దక్షిణ కెరొలైనాలోని చార్ల్‌స్టన్ నగరమునుండి నల్లజాతి బాలుర జట్టొకటి పోటీకి వచ్చెను. వారితో ఆడనొల్లక శ్వేతజాతి జట్లన్నియు వైదొలగెను. ఆడకయే గెలిచిన జట్టు పై పోటీలకు అర్హము కాదని నియమము చూపిరి. ఆ పసివారు విలియమ్స్‌పోర్టున ప్రేక్షకులై కూర్చుండిరి. తప్పు చేసినవారొకరు, శిక్ష పొందినవారు వేరొకరు! 2002లో సంస్థ వారికి రాష్ట్ర విజేతల పతాకమును ఒసగెను. అప్పటికి వారు అరువదేండ్లకు చేరువైనవారు. బాలికలకు సైతము 1974లో, న్యాయపోరాటము పిమ్మటనే ప్రవేశము లభించెను.

నియమమున్నంత మాత్రమున న్యాయమున్నట్లు కాదని మేము తలంచుచున్నాము. నియమమును వ్రాయువారు బలహీనుని స్థానమున నిలిచి దానిని మరల చదువవలెను. మన కళాశాల పాలకవర్గమునకును, విద్యార్థినీ విద్యార్థులకును మా విన్నపమొక్కటే: జట్టును ప్రకటించుటకు ముందు, మైదానపు అంచున నిలిచినవారి వంక ఒక్కమారు చూడుడు.