ఆటలో అరటిపండు

తెలుగు పల్లెల్లో పెరిగినవారికి "ఆటలో అరటిపండు" అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. జట్లు పంచుకునేవేళ వెంటపడి ఏడ్చే చంటివాణ్ణి కాదనలేక ఆటలోకి రానిస్తాం. వాడూ పరుగెత్తుతాడు, అరుస్తాడు. కానీ దొంగ కాడు, ఔటూ కాడు. వాడు ముట్టుకున్నా లెక్కలేదు, వాణ్ణి ముట్టుకున్నా లెక్కలేదు. పెద్దలు కోప్పడకుండా పిల్లలు కనిపెట్టిన మర్యాద అది. చంటివాడికి ఆ మర్యాద చాలు, రెండేళ్ళు గడిస్తే వాడూ అందరిలో ఒకడవుతాడు. కాలు సాగని పిల్లవాడు, చెవులు వినబడని పిల్ల పన్నెండేళ్ళు వచ్చినా అరటిపండుగానే మిగిలిపోతే ఏమనాలి?

నంద్యాల, ఆళ్ళగడ్డ పరిసర గ్రామాల బడుల్లో ఆటల పీరియడులో నాకు తరచు కనబడేది ఇదే. నిజానికి ఆ అరటిపండు స్థానమైనా దక్కినవారు అదృష్టవంతులు. తక్కినవారికి దక్కేది వేపచెట్టు కింద కూర్చుని స్నేహితుల సంచులకూ చెప్పులకూ కాపలా కాసే ఉద్యోగం. "వాడు మా స్కోరరండీ" అని ఉపాధ్యాయులు ప్రేమగానే పరిచయం చేస్తారు. ఆ ప్రేమను నేను శంకించను. కాని ఆ స్కోరు పుస్తకంలో వాడి పేరు ఎప్పుడూ ఉండదు.

మాటలకు మాత్రం మనకు లోటు లేదు. వికలాంగులు అన్నాం, విభిన్న ప్రతిభావంతులు అన్నాం, 2015 తర్వాత దివ్యాంగులు అంటున్నాం. చట్టమూ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులోని 16వ సెక్షను, బడి అన్నాక చదువుతోపాటు ఆటల్లోనూ ఈ పిల్లలకు ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలని చెబుతోంది. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, ఫిజియోథెరపీ చేయిస్తారు. ఇక డిసెంబరు 3 వస్తే ఈ పిల్లలందరినీ ఒకచోట చేర్చి పోటీలు పెట్టి, బహుమతులిచ్చి, భోజనం పెట్టి పంపుతారు. మంచిదే. కాని ఆ పోటీలో వీళ్ళు వీళ్ళతోనే ఆడతారు. మర్నాడు తమ ఊరి బడికి వెళ్ళేసరికి వేపచెట్టూ సంచులూ అలాగే ఎదురుచూస్తుంటాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక పిల్లవాణ్ణి ఆటలో చేర్చుకున్నామనడానికి గుర్తు, వాడు ఔటవగలగడం. వాడి వల్ల జట్టు ఓడిపోగలగాలి, తోటివాళ్ళు వాడిమీద విసుక్కోగలగాలి. జాలిపడేవాళ్ళు ఎవరూ విసుక్కోరు. అందుకే జాలి ఉన్నచోట ఆట ఉండదు.

అయితే కాలు లేనివాడితో కాలున్నవాడు సమంగా ఎలా ఆడతాడని అడుగుతారు. ఈ ప్రశ్న నంద్యాల సీమవాసులు అడగవలసింది కాదు. నవనందులు కొలువైన నేల ఇది. సంక్రాంతికీ ఉగాదికీ తిరునాళ్ళకూ ఇక్కడ బండలాగుడు పోటీలు చూడనివారు అరుదు. ఆ పోటీల్లో అన్ని ఎద్దుల్నీ ఒకే గాటన కట్టరు. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెడతారు. పాలపళ్ళవి వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు, ఆరు పళ్ళవి వేరు, సీనియర్లు వేరు. విభాగాన్నిబట్టి బండ బరువు మారుతుంది. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగాయో కొలిచి చెబుతారు. ఎద్దుకు తగిన బండ ఉండాలన్న న్యాయం రైతుకు ఎవరూ నేర్పలేదు. పిల్లల్ని పశువులతో పోలుస్తున్నానని కోపగించుకోకండి, పశువుకు ఇచ్చిన ఆ న్యాయమైనా పిల్లలకు అందడం లేదన్నదే నా బాధ.

అంధుల క్రికెట్టు ఈ న్యాయం మీదనే నడుస్తుంది. గట్టి ప్లాస్టిక్ బంతిలో బాల్ బేరింగులు వేస్తారు, అది గలగలమంటూ వస్తుంది. చేయి భుజంమీదుగా తిప్పి విసరకూడదు, కిందినుంచే వేయాలి. జట్టులో కనీసం నలుగురు పూర్తిగా చూపులేనివారు ఉండి తీరాలి. వాళ్ళు చేసిన పరుగును రెండుగా లెక్కిస్తారు. ఒకసారి నేలను తాకి లేచిన బంతిని వాళ్ళు పట్టినా అది క్యాచే. ఇన్ని సడలింపులున్నా ఔటయినవాడు ఔటే, అందులో మాఫీ లేదు. గుంటూరు జిల్లాకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వంలో మన జట్టు 2017లోనూ 2018లోనూ ప్రపంచకప్పులు గెలిచింది. 2025 నవంబరులో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్పును కొలంబోలో గెలిచిన జట్టుకు నాయకురాలు దీపిక, మన మడకశిర ప్రాంతపు పిల్ల. అదే జట్టులోని పాంగి కరుణకుమారి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం నుంచి వచ్చింది.

పతకాల కథలకు ఒక ప్రమాదం ఉంది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి మానసిక వైకల్యంతో పుట్టింది. ఊళ్ళో ఆమెను ఎన్ని మాటలన్నారో ఆ తల్లిదండ్రులే పత్రికలకు చెప్పారు. 2024 మే నెలలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటికి ప్రపంచ రికార్డు సృష్టించింది, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఊరంతా పూలదండలు పట్టుకొచ్చింది. పతకం తెచ్చినందుకు మనిషిగా ఒప్పుకున్నారన్నమాట. మరి ఏ పతకమూ తేని, తేబోని పిల్లల సంగతి? మనకు కావలసింది వాళ్ళ కోసం సాయంత్రపు ఆట.

ఆఫ్రికాలోని ఘనా దేశంలో ఇమాన్యుయెల్ ఓఫోసు యెబోవా అని ఒకడున్నాడు. ఒక కాలు సరిగా ఏర్పడకుండా పుట్టాడు. బడిలో పిల్లలు ఆడనివ్వకపోతే పైసా పైసా కూడబెట్టి, ఎవరి దగ్గరా లేని కొత్త ఫుట్‌బాల్ కొన్నాడు. తననూ ఆడనిస్తేనే బంతి ఇస్తానన్నాడు, ఊతకర్రలతో ఆడాడు. అరటిపండు కావడానికి ఒప్పుకోని పిల్లవాడు! తర్వాత 2001లో ఒంటికాలితో సైకిలు తొక్కుతూ సుమారు 600 కిలోమీటర్లు దేశమంతా తిరిగాడు. పల్లెల్లో జనం దారిపక్కన నిలబడి చూశారు. 2006లో ఆ దేశంలో వికలాంగుల చట్టం వచ్చింది. అదే 2001లో, అంతర్యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవారితో సియర్రా లియోన్‌లో ఒంటికాలి ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. మైదానంలోని ఆటగాళ్ళకు ఒక కాలు, గోల్‌కీపరుకు ఒక చేయి. కావాలని ఊతకర్రతో బంతిని తాకితే తప్పు. మనకన్నా సంపన్న దేశాలేమీ కావవి.

మన అడ్డంకులు వేరే ఉన్నాయి. నల్లరేగడి మైదానంలో నాలుగు చినుకులు పడితే మూడు చక్రాల బండి కదలదు. ప్రాథమిక పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడే ఉండడు. అన్నిటికన్నా గట్టిది తల్లుల భయం. పడి దెబ్బ తగిలితే ఎవరిది పూచీ అంటారు. ఆ భయంలో న్యాయముంది. ఇంకొకటి గొంతు తగ్గించి అడుగుతారు: "మావాడు పరుగెత్తడం చూస్తే పింఛను తీసేస్తారేమో సార్?" 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు వస్తున్న ఇంట్లో అది చిన్న ప్రశ్న కాదు. వాడి జీవితం సదరం పత్రంలోని శాతానికి ముడిపడి ఉన్నప్పుడు, వాడు చేయగలిగింది దాచడమే ఇంటికి క్షేమమవుతుంది. ఆటల్లో పాల్గొన్నంత మాత్రాన వైకల్య శాతం మారదని అధికారులు గ్రామసభలో ఒక్క మాట చెబితే, వంద ట్రైసైకిళ్ళు పంచినదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

ఖర్చు పెద్ద సమస్య కాదు. బంతికి ప్లాస్టిక్ సంచి చుట్టి కడితే గరగరమని చప్పుడు చేస్తుంది. కూర్చుని ఆడే వాలీబాల్‌కు పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు చాలు. ముగ్గుపిండితో గీత గీసి, ఛాతీ ఎత్తున తాడు కడితే సరి. పిరుదులు నేలను విడిచి బంతి కొడితే తప్పు. కాళ్ళు బాగున్నవాడు ఇక్కడ తడబడతాడు, చేతులమీద పాకడం అలవాటైనవాడు వాడికి నేర్పుతాడు. వినికిడి లేని పిల్ల ఖోఖో ఆడాలంటే "ఖో" అని అరవడంతోపాటు వీపు తట్టాలి, తట్టడం ఆ ఆటలో ఎలాగూ ఉన్నదే. పులిజూదం పటం ఎన్ని పాత మంటపాల రాతి నేలమీద లేదు! ఆళ్ళగడ్డ శిల్పుల ఊరు, ప్రతి బడి అరుగుమీదా ఒకటి చెక్కించుకోవడం ఎంత పని?

వచ్చే సంక్రాంతికి బండలాగుడు నిర్వాహకులను నేను అడిగేది ఒకటే. మొదటి జత ఎద్దులు బరిలో దిగేముందు ఒక గంట, ఊరి యువకులూ ఈ పిల్లలూ కలిసిన రెండు జట్ల చేత కూర్చుని వాలీబాల్ ఆడించండి. పందెం మన పద్ధతిలోనే, ఓడిన జట్టు గెలిచిన జట్టుకు ఉగ్గాని బజ్జీ పెట్టించాలి. ఊతకర్ర పక్కన పెట్టి ఆడినవాడు ఓడిన జట్టులో ఉంటే వాడి వంతు డబ్బులు వాడి దగ్గరా వసూలు చేయండి.