గోంగూర మానేస్తే నరాలు బాగవుతాయా?

మొన్న హన్మకొండ వెళ్ళాను. మా పిన్ని కూతురికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలి రెండేళ్ళయింది. ముందు ఒక కన్ను మసకబారింది, తర్వాత కుడికాలు తిమ్మిరెక్కింది, అప్పుడు ఎమ్మారై తీశారు. ఇంజెక్షన్లతో కుదురుగానే ఉంది. ఈసారి చూస్తే ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ల డబ్బా సీలు కూడా తీయకుండా ఉంది. ఏందమ్మా ఇది అంటే, "మూణ్ణెల్ల సంది డైట్‌ల ఉన్న అన్నా, మందులు విషమట" అంది. వాట్సాప్‌లో ఎవరో పెద్దాయన చెప్పాడట. అన్నం బంద్, పాలు బంద్, గోంగూర కూడా బంద్. పొద్దున గంటసేపు ఎండ. ఇక నరాలు వాటంతటవే బాగవుతాయట!

నాకు తిక్క రేగింది. ఎందుకంటే ఆయన చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు, సగం నిజం. తంటా అంతా అక్కడే.

తిండికీ బతుకు తీరుకీ ఈ జబ్బుతో సంబంధం ఉన్నమాట నిజమే. అమెరికాలో నర్సుల మీద చేసిన అధ్యయనంలో (2009) 18 ఏళ్ళప్పుడు స్థూలకాయం ఉన్నవాళ్ళకి రిస్కు రెండింతలని తేలింది. సిగరెట్టు రిస్కు పెంచుతుంది. ఇరవై ఏళ్ళు నిండకముందు నైట్ షిఫ్టులు చేసినవాళ్ళలో జబ్బు ఎక్కువని 2011లో స్వీడన్ వాళ్ళు చెప్పారు. మన దగ్గర లక్షకి పదిమంది కూడా ఉండరు, బ్రిటన్‌లో రెండొందల దాకా ఉంటారు. మనవైపు నుంచి అక్కడికి వలసపోయినవాళ్ళలో తక్కువే కానీ, అక్కడే పుట్టిన పిల్లల్లో ఇంచుమించు తెల్లవాళ్ళంత ఉందని 1990లోనే గమనించారు. ఆన్‌సైట్‌లో స్థిరపడిన మిత్రులారా, ఇది మీరు వినాల్సిన ముక్క.

అయితే విటమిన్ డి ఒక్కటే కారణమైతే మనందరికీ ఈ జబ్బు రావాలి. తిరుపతి డాక్టర్లు 2007లో చూస్తే ఎండలో పొలం పని చేసేవాళ్ళలో కూడా డి తక్కువే. అసలు పెద్ద ఆధారం దొరికింది 2022లో. కోటిమందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు వెతికితే, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకాక రిస్కు 32 రెట్లు పెరిగింది. ఆ వైరస్ నూటికి తొంభైమందికి పైగా ఉంటుంది, జబ్బు మాత్రం ఏ కొద్దిమందికో వస్తుంది. అంటే వైరస్సు, జన్యువులు, సిగరెట్టు, బరువు, అన్నీ కలవాలి. ఇంత చిక్కుముడిని పట్టుకుని "నువ్వు పిజ్జాలు తిన్నవ్, అందుకే వచ్చింది" అంటారా! పక్కింటావిడ నుంచి మేనమామ దాకా అందరూ దానికి అదే మాట చెప్పారు. అది ఏడ్చింది కూడా.

మనం రోజూ చేసే పనే చూడండి. సర్వర్లో నిప్పు ఎందుకు అంటుకుందో తెలిసింది, ఏసీ పనిచెయ్యలేదు. సరే, ఇప్పుడు ఏసీ వేస్తే మంట ఆరుతుందా? రాకుండా చూసుకోవడం వేరు, వచ్చాక ఆపడం వేరు. మన రోగనిరోధక వ్యవస్థే నరాల మీది తొడుగుని కొరుక్కుతింటుంటే, దాన్ని ఆపేది ఆ ఇంజెక్షనే. బరువు తగ్గడం, సిగరెట్టు మానడం, డాక్టరు చెప్పినంత డి వేసుకోవడం దాంతోపాటు చెయ్యాల్సినవి, దాని బదులు కాదు. ఆ పెద్దాయనకి పోయేదేముంది? కాలు పడిపోతే "నువ్వు డైట్ సరిగ్గా పాటించలేదు" అంటాడు, అంతేగా.

శనివారం బలవంతంగా న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎమ్మారైలో రెండు కొత్త మచ్చలు. మందు మళ్ళీ మొదలుపెట్టారు. గోంగూర తినొచ్చా అని అదే అడిగింది, నిక్షేపంగా తినమన్నాడు.